గురుతు

కూకో బావు, దడవకు.
బోటు రంగు సూసే తెలుసుకున్నాను, మనది కాదని.
మీదేవూరని అడగను.

రేత్రి మూడు గంటలకి
మన కళింగపట్నం లైటవుసు ఎదుటన
నీ బోట్లన్నీ ఒక్కసారి లైట్లేస్తే
సంద్రంలో సంతెట్టినారనుకుంది మా కోడలు.
నాలుగోనాడు అదే కోడలు
బుట్ట బోర్లించి దాని మీదన కూకుంది.

"గవుర్నమెంటు నీళ్ళు, ఎవుడైనా ఏటాడొచ్చు" అన్నావంట
మా లోకనాథం గుంటడితో.
నిజిమే.
సంద్రానికి పట్టా నేదు, గట్టు నేదు,
సర్వే రాయి పాతితే మునిగిపోతాది.
అయితే ఇను.

సాలిహుండం కొండ నడుం దగ్గరకి
లైటవుసు తలకాయొచ్చి తగిలినప్పుడు,
మొగ పక్కన సరుగుడు తోట
రెండు ముక్కలైనట్టు కనపడినప్పుడు,
సరిగ్గా నీ కాళ్ళ కిందన రాయుంటాది.
ఆ రాయి నాకివ్వడానికి మా అయ్య
పదేళ్ళు తెడ్డేయించినాడు.
నోటితో సెప్పనేదు.
ఒకనాడు తెడ్డాపి, మెడ తిప్పి, అటేపు సూసినాడు.
నానూ సూసినాను. అంతే.

నిన్న దాన్ని నువ్వు
సెల్లులో బొటనేలితో నొక్కినావు.
ఈ పాటికి ఆ సుక్క
ఎన్ని బోట్లెక్కి ఎంత దూరమెల్లిందో.

రాయంటే నులక మంచం బావు.
ఇద్దరు పడుకోడానికి అల్లింది.
యాబైమంది ఎక్కితే కోళ్ళిరగవా?
మూడు రేత్రులకే పండుగప్ప దాన్నొగ్గీసి ఎల్లిపోనాది.
ఎక్కడికో నాకు తెలీదు,
నీ మిషనుకీ తెలీదు.

నిన్ననడానికి నానెవుల్ని?
వెరావల్‌లో పద్నాలుగు సీజన్లు
పరాయి నీళ్ళలో ఏటాడినోడిని.
మొదటేడు, సీకట్లో,
ఎవుడిదో వల మా బోటు పంకాకి సుట్టుకుంటే
కత్తి తీసి కోసీసినాను.
సరంగు నిద్దర్లో ఉన్నాడు. ఎవులూ సూణ్ణేదు.
తెల్లారి ఆ వలోడు జెట్టీ మీదన కూకుని
తెగిన కన్నులు ఒక్కొక్కటీ లెక్కెడతన్నాడు.
నాను టీ గళాసుతో పక్కనే నిలబడ్డాను.
ఎండగా ఉందని, జరిగి నాకు నీడలో సోటిచ్చినాడు.
సెప్పీడానికి ఆడి బాస రాదు.
రాదనే ముప్పయ్యేళ్ళుగా
నాకు నానే సెప్పుకుంటన్నాను.

అందుకని ఇదంతా. తగువుకి కాదు.

కొత్త ఒడ్డుకెల్తే ముందు నేల మీదకి రా.
ఉత్త సేతుల్తో రా.
ఇక్కడ ఎవులి వలలున్నాయని ఒక్క మాటడుగు.
అలివి వల లాగుతున్న సోటికి అడ్డంగా రింగెయ్యకు.
ఆ తాడట్టుకున్నోళ్ళలో బోటెక్కలేని ముసిలోళ్ళుంటారు,
బడెగ్గొట్టిన గుంటలుంటారు,
మా పోలమ్మొదినుంటాది, ఒంటికన్నుతో,
సారెడు నెత్తళ్ళ కోసం.
వలడ్డొస్తే కొయ్యకు.
ఎత్తు, కిందనుంచి దాటు, ఉన్నసోట మళ్ళీ ఒదులు.
మాగమాసంలో ఇసక మీదకి లైటెయ్యకు,
గుడ్లెట్టడానికొచ్చిన తాబేలు
కడుపుతోనే తిరిగెల్లిపోతాది.
ఇంకోటేదో ఉండాలి.
మా అయ్యుంటే సెప్పును.

"ఇంటికొచ్చినోడికి ఇన్ని రూల్సా మావా" అని నవ్వుతన్నావు.
సుట్టమైనోడు
పెట్టింది తింటాడు గానీ
వంటింట్లోకెల్లి కుండ మూత తీసి సూస్తాడేటి?

ఆ సుక్క తుడిపీమని అడగను.
సెల్లులో తుడిపినా కంట్లో ఉండిపోతాది,
నాకు తెలుసు.

బోరింగా? సిమెంటు రోడ్డు సివర, కల్లాల పక్కన.
పిడి ఒదులైపోనాది, పదిసార్లు కొడితే గానీ నీళ్ళు రావు.
కేన్లన్నీ నింపుకో, వాటికి లెక్క నేదు.
ఎల్లీటప్పుడు మాత్రం
నీ పేరు సెప్పెల్లు బావు.
వెరావల్‌లో
ఆడి పేరు నానడగనేదు.